ఉన్న కరెంటు తీసి చూసే రాజన్న

పొద్దున కొట్టు షట్టరు ఎత్తగానే బ్యాటరీల ఆసిడ్ వాసన పుల్లగా ముక్కుకు తగులుతుంది. మా ఆవిడకు ఆ వాసన గిట్టదు. నాకు మాత్రం రాజన్న గుర్తొచ్చి హాయిగా ఉంటుంది. సిరిసిల్ల వైపు నుంచి సూరత్‌కు మగ్గాల పనికి వచ్చి, మోటార్ల మీద మనసు పడి, అక్కడే కతర్‌గామ్‌లో ఇన్వర్టర్ల కొట్టు పెట్టుకున్న మనిషి ఆయన. నేనూ మగ్గం వదిలి ఆయన దగ్గర పనికి చేరాను.

రాజన్నకు ఒక మొండి అలవాటు. ఇన్వర్టర్ బిగించాక, ఇంటివాళ్ళు టీవీలో మునిగి ఉన్నప్పుడు చూసి మరీ మెయిన్ స్విచ్ దించేవాడు. ఒకసారి క్రికెట్ చివరి ఓవర్లో దించితే ఇంటాయన ఇంతెత్తున లేచాడు. టీవీ ఆగలేదని చూశాక ఆయనే చాయ్ తెప్పించాడు. "కరెంటు పోయినంక చూద్దామంటే ఎట్ల తమ్మీ? ఉన్నప్పుడే తీసి చూడాలె," అనేవాడు రాజన్న. ఇదంతా చాదస్తమని నవ్వుకునేవాణ్ణి.

కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవిలో మా అమ్మ ఆసుపత్రి పాలైంది. గండం గడిచాక, కొన్నాళ్ళు ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టుకోమని చెప్పి పంపిస్తామన్నారు. సూరత్ శివారు కోసాడ్‌లో మా గదిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. మిషన్ ఆగితే అమ్మకు ఊపిరి అందదు. అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు, ఇంట్లో మేమిద్దరమే. కొట్టులో మిగిలిన పాత ఇన్వర్టర్‌కు చేత్తో మీట మార్చాలి. అంటే నేను రాత్రీ పగలూ కన్ను మూయకూడదు. రాజన్న దానికి రిలే అమర్చాడు. ఇక కరెంటు పోతే దానంతటదే బ్యాటరీకి, వస్తే మళ్ళీ లైనుకు మారాలి.

అమ్మ వచ్చే రోజు మధ్యాహ్నం సామానంతా ఆటోలో తెచ్చి బిగించాం. రాజన్న మిషన్ ఆన్ చేసి, "ఇగ మెయిన్ తియ్యి," అన్నాడు.

"మంచిగనే నడుస్తుంది గదన్నా, ఎందుకు కదిలించుడు?"

"భయమేదో గిప్పుడే పడు. అవ్వ వచ్చినంక పడుడు కాదు. తియ్యి."

దించాను. మిషన్ కుయ్యిమని అరిచి ఆగిపోయింది. నేను గబుక్కున మెయిన్ ఎత్తేశాను. రాజన్న మొహం మాత్రం వెలిగింది. "దొరికిండు దొంగ!" అంటూ వంగి చూశాడు. ఆటో కుదుపులకు బ్యాటరీ దగ్గర వైరు వదులైంది. దాన్ని బిగించి మళ్ళీ దించమన్నాడు. ఈసారి మిషన్ ఆగలేదు. నాకు భయం పోయేదాకా దింపిస్తూనే ఉన్నాడు.

గడప దాటుతూ, "అవ్వ రాంగనే నువ్వు కడుపునిండ నిద్రపో. నువ్వు మేలుకొనే ఉంటే ఇది పెట్టి ఫాయిదా ఏంది?" అన్నాడు.

రాజన్న ఇప్పుడు కొట్టు నాకప్పగించి, సిరిసిల్ల వైపు తన ఊళ్ళో ఉంటున్నాడు. ఫోన్ చేస్తే క్షేమసమాచారాల కన్నా ముందు, "తీసి చూసినవా?" అని అడుగుతాడు. చూడకుండా ఎలా ఉంటాను? జనం టీవీ చూస్తుండగా మెయిన్ దించి, వాళ్ళ తిట్లు సంతోషంగా తింటున్నాను. అమ్మ వచ్చిన మర్నాటి మధ్యాహ్నం నేనెలా మరిచిపోతాను?

ఆ రోజు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి ఫ్యాన్ ఆగి ఉంది. బ్యాటరీకి మిషన్ ఒక్కటే కలిపాం మరి. ముక్కుకు పైపుతో అమ్మ మంచం మీద కూర్చుని, అట్టముక్కతో మెల్లగా నాకు విసురుతోంది.

"కరెంటు ఎప్పుడు పోయిందే అమ్మా?"

"ఏమో కొడుకా, శానా సేపాయె. చెమటల తడిసిపోతున్నవ్. నాకేం కాలే, జర పండుకో."

మిషన్ నడుస్తూనే ఉంది. నేను మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.