ఎడమచేతి ముడి

దయ్యాల కథలంటే నాకు నవ్వు, ముందే చెప్పేస్తున్నాను. నాది అంగన్‌వాడీ ఉద్యోగం. పిల్లకు జ్వరం వస్తే గాలి సోకిందని వేపమండ పట్టుకుని తిరిగే తల్లులను దవాఖానకు తరమడమే నా పనిలో సగం. దాంతో ఊళ్ళో నాకు గయ్యాళి అన్న పేరు కూడా వచ్చింది. పేరుకు తగ్గట్టే ఉంటాను, అబద్ధం ఎందుకు.

అట్లాంటి నేను ఇది రాస్తున్నానంటే నమ్మకం మారిందని కాదు. ఎంత ఆలోచించినా ఈ ఒక్క సంగతి తేలలేదు, అంతే. చదివినవాళ్ళలో ఎవరికైనా తేలితే నాకు చెప్పండి.

మాది నల్లగొండ నుంచి దేవరకొండ వెళ్ళే రోడ్డుకు కాస్త లోపలికి ఉండే ఊరు. మా ఆయన పేరు సైదులు. తాటిచెట్లు గీస్తాడు. నా పెళ్ళినాటికే మా మామ లేడు. సైదులు ఇంకా సరిగ్గా నడక కూడా రాని వయసులో ఉండగా ఆయన చెట్టు మీంచి పడి చనిపోయాడు. ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేదు. ఆయన గుర్తుగా మిగిలింది అటక మీద ఉన్న ఆయన మోకు మాత్రమే.

మోకు అంటే చెట్టునూ, ఎక్కేవాడి నడుమునూ కలిపి చుట్టుకునే లావుపాటి తాడు. పైకెక్కాక వెనక్కి వాలితే మనిషి బరువంతా దాని మీదే ఉంటుంది. దాని కొసన పిడికిలంత ముడి ఒకటి ఉంటుంది. ఎవరి నడుముకు తగ్గట్టు వాళ్ళు ఆ ముడి వేసుకుంటారు. మా ఇంట్లో అయితే సైదులు మోకును ఇంకెవరూ ముట్టుకోరు. ఇల్లు అలికేటప్పుడు పక్కకు జరపాలన్నా ఆయన్నే పిలుస్తాం.

పొద్దున చెట్టుకు పోయేముందు సైదులు మోకును కాలికింద తొక్కిపెట్టి, రెండు చేతులతో గట్టిగా గుంజి చూస్తాడు. ముడిని మాత్రం విప్పడు. ఒకసారి నడుముకు కుదిరిన ముడిని విప్పితే మళ్ళీ అట్లా కుదరదని ఆయన పట్టింపు. ఆయన ఒక్కడే కాదు, మా ఊళ్ళో గీసేవాళ్ళు చాలామంది అంతే.

పెళ్ళైన కొత్తలో ఆయన చెట్టెక్కుతుంటే కింద నిలబడి చూడటం నాకు ముచ్చటగా ఉండేది. బిడ్డ పుట్టాక చూడటం మానేశాను. మా సెంటర్‌కు వచ్చే ఒక పిల్లవాడి తండ్రి చెట్టు మీంచి పడి, నడుము విరిగి మంచాన పడ్డాడు. ఆ పిల్లవాడికి అన్నం కలిపి పెట్టినప్పుడల్లా నాకు నా బిడ్డే కళ్ళ ముందు కనిపించేది. చిన్నపిల్లలు ఉన్నవాడికి ఆ పని ఎందుకని రోజూ పోరేదాన్ని. పెళ్ళికి ముందు ఎక్కావు సరే, పిల్లలు పెద్దయ్యాక ఎక్కు, ఈ మధ్యకాలంలో మాత్రం వద్దు అనేదాన్ని.

"పిల్లలు పెద్దగైనంక ఎక్కనీకి నడుములుంటయా?" అనేవాడు ఆయన. లారీలు నడిపేవాళ్ళకు పిల్లలు లేరా అని ఇంకో మాట. ఇంటి నుంచి ఎవరూ ఎక్కకపోతే గీత కార్మికుల సంఘంలో మా వంతు చెట్లు వేరేవాళ్ళకు పోతాయి, మళ్ళీ రావు అన్నది అసలు మాట. అందులో అబద్ధం లేదు, అందుకే నాకు ఇంకా కోపం వచ్చేది.

నాకు అర్థం కానిది మా అత్త. మొగుడిని పొట్టన పెట్టుకున్న చెట్ల మీదికి కొడుకును ఎట్లా పోనిస్తుంది? ఒక్కరోజు వద్దు అనగా నేను వినలేదు. పైగా మేం వాదులాడుకుంటుంటే కొడుకు వైపే ఉండేది. ఈమెకు రాతిగుండె అనుకునేదాన్ని.

కరోనాకు ముందటి ఎండాకాలం. షాద్‌నగర్‌లో మా అన్న పనిచేసే కంపెనీలో సైదులుకు ప్యాకింగ్ పని మాట్లాడి పెట్టించాను. ఆయన సరే అనలేదు, కాదనలేదు. ఈ ఒక్క కాలం పోనియ్యి అన్నాడు. పోయిన కాలమూ అదే మాట అన్నాడని నేను అందుకున్నాను. మాటకు మాట పెరిగింది. ఆయన మోకును తలుపు పక్కన మేకుకు తగిలించి, అన్నం తినకుండా పడుకున్నాడు. నేనూ బతిమాలలేదు.

పొద్దున నేను చాయ్ పెడుతున్నాను. ఆయన మోకు తీసి కాలికింద పెట్టాడు. గుంజబోయినవాడు అట్లాగే ఆగిపోయాడు.

"గీ ముడి నాది కాదు" అన్నాడు.

వెళ్ళి చూశాను. ముడి పాతచోట లేదు. జానెడు లోపలికి జరిగింది. ఇంతకుముందు ముడి ఉన్న భాగం ఇప్పుడు బయటికి వచ్చి తోకలాగా వేలాడుతోంది. అక్కడ తాడు నల్లగా మారి ఉంది. సైదులు బొటనవేలితో నొక్కితే పోగులు పోగులుగా విడిపోయింది. చెమటా, వానా, కల్లుతడీ ఏళ్ళ తరబడి ముడి లోపలికి దిగి, ఆరే దారి లేక తాడు కుళ్ళిపోయింది. ముడి కప్పి ఉంచింది కాబట్టి ఎవరికీ కనబడలేదు. కాలితో తొక్కి గుంజితే తట్టుకుంది సరే. చెట్టు మీద ఎన్నాళ్ళు తట్టుకునేదో, ఆ మాట మేమిద్దరం పైకి అనలేదు. లోపల బిడ్డ లేచి ఏడిస్తే నేనే పోయి ఎత్తుకున్నాను. 

కాసేపటికి ఆయన నావైపు అనుమానంగా చూశాడు. ఎక్కకుండా చేయడానికి నేనే ఏదో నాటకం ఆడానని ఆయన అనుమానం. నాకు ఒళ్ళు మండింది.

"నేనైతే కత్తితోని కోసి పారేస్తుంటి. కూసోని ముడి ఏస్తనా?" అన్నాను. ఆ మాట ఆయనకు సబబుగానే తోచినట్టుంది, మళ్ళీ ఆ అనుమానం ఎత్తలేదు.

భయం తగ్గాక నాకు కుతూహలం పట్టుకుంది. తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టింది నేనే, పొద్దున తీసింది నేనే. ఇంట్లో ఉన్నది మేమిద్దరం, అత్త, పాకే బిడ్డ. పొరుగున ఉండే లింగయ్యను పిలిపించాను. ఆయన మా మామతో కలిసి చెట్లు గీసిన మనిషి. ముడిని అటూ ఇటూ తిప్పి చూసి, విప్పబోయి, విప్పలేక వదిలేశాడు. 

"ఎడమచేతోడు ఏసిన ముడి ఇది. మీ నాయిన గిట్లనే ఏస్తుండె" అన్నాడు సైదులుతో.

మా మామ ఎడమచేతివాడని నాకు అప్పటిదాకా తెలియదు. అటక మీంచి పాత మోకు దింపించాను. అది ముడి పక్కనే తెగి ఉంది, కానీ ముడి మాత్రం చెక్కుచెదరలేదు. రెంటినీ పక్కపక్కన పెట్టి ఫోన్‌లో ఫొటోలు తీశాను. మెలిక మెలికా పోల్చి చూశాను. మామూలుగా కుడికి తిరిగే చుట్లు రెంటిలోనూ ఎడమకు తిరిగాయి. కొసను చివర్లో కిందినుంచి దూర్చిన తీరు కూడా ఒకటే. ఆ ఫొటోలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

నిద్రలో లేచి సైదులే వేసుకున్నాడేమో అనుకున్నాను. అలా నిద్రలో పనులు చేసేవాళ్ళు ఉంటారు. వేరే తాడు ఇచ్చి అట్లాంటి ముడి వెయ్యమన్నాను. పాత మోకును ఎదురుగా పెట్టుకుని కూడా వేయలేకపోయాడు, ఎన్నిసార్లు వేసినా కుడికే తిరిగింది. మా అత్త వేళ్ళు చికున్‌గున్యా జ్వరం తర్వాత వంకర పోయాయి, తడిబట్ట కూడా పిండలేదు. ఇక ఊళ్ళో ఎడమచేతివాళ్ళెవరా అని వెతికితే కిరాణం కొట్టు ఖాజా తగిలాడు. తాడు ఇచ్చి ముడి వెయ్యమంటే, పంతులమ్మకు ఏమైందన్నట్టు చూసి, బియ్యం బస్తాకు వేసే ముడి వేసి ఇచ్చాడు. ఊరికే వచ్చినట్టు ఉండకూడదని చక్కెర కొనుక్కుని వచ్చాను.

ఇంతకూ అసలు తమాషా ఇంట్లో జరిగింది. మధ్యాహ్నానికి సైదులు ఒక నిర్ణయానికి వచ్చేశాడు. వాళ్ళ నాయినే ముడి వేశాడట.

"గట్టిగ ఏసిచ్చిండంటే ఎక్కుమన్నట్టే గదా" అన్నాడు.

"కుళ్ళింది బయటికి తీసి చూపిచ్చిండంటే దిగుమన్నట్టు" అన్నాను నేను.

అని నాలుక కరుచుకున్నాను. దయ్యాల్లేవని ఊరందరికీ చెప్పే మనిషిని, లేని మనిషి మనసులో ఏముందో మొగుడితో వాదిస్తూ కూర్చున్నాను. వదిలేయాల్సింది, వదల్లేదు. తాడు మార్చుకో అనేవాడైతే ముడి ఎందుకు వేస్తాడని ఆయన, ఎక్కు అనేవాడైతే చెడిన చోటు ఎందుకు బయటపెడతాడని నేను. సాయంత్రం చెట్టుకు పోయే వేళ అయినా ఆ వాదన తెగలేదు.

 మా అత్త పాత మోకును ఒళ్ళో పెట్టుకుని ముడిని తడుముతూ కూర్చుంది. చివరికి నేనే అడిగాను.

"అత్తా, నువ్వు గిట్ల ఏసినవా?"

కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. తెచ్చుకోలేదు.

"నా చేతుల గా బలమెక్కడిది బిడ్డా" అంది. తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు చెప్పింది. "మీ మామ పడిన పొద్దు నేనే చెప్పిన. వానలు పడుతున్నయి, ముడి ఇప్పి చూసుకోమని. ఇప్పుదామనే కూసున్నడు. గీడు పాకుకుంట పోయి ఒళ్ళెక్కిండు. వీన్ని ఎత్తుకోని ఆడిచ్చుకుంట కూసునేటాలకు పొద్దెక్కింది. ముడి మర్సిపోయి గట్లనే పోయిండు."

గీడు అంటే సైదులే. అక్కడే నిలబడి వింటున్నాడు. వాళ్ళ నాయిన ఎట్లా పోయాడో చిన్నప్పటి నుంచి విన్నాడు గానీ, ఈ మాట ఎప్పుడూ వినలేదు.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే అవ్వా?" అన్నాడు.

"చెప్తే నా వల్లనే నాయిన సచ్చిండని నువ్వు అనుకోవా? చెట్టుకు పోవద్దంటే ఎందుకని అడుగుతవు. ఏమని చెప్పాలె?"

 సైదులు వెళ్ళి వాళ్ళమ్మ పక్కన కింద కూర్చున్నాడు. ఇన్నాళ్ళు ఆమెను రాతిగుండె మనిషి అనుకున్నాను. కొడుకు మీద ఒక బరువు పడకూడదని, కొడుకు చెట్టు మీద ఉన్నంతసేపూ ఆ బరువు తను మోసింది. నాకు ఏడుపొచ్చింది, బిడ్డకు స్నానం చేయించే వంకతో లోపలికి వెళ్ళిపోయాను.

ఆ రోజు ఆయన చెట్టుకు పోలేదు. కుళ్ళిన మోకును కాల్చేశాడు. కాల్చేముందు ఆ ముడిని విప్పడానికి ఆయనా, లింగయ్యా మళ్ళీ ప్రయత్నించారు. రాలేదు, ముడితోనే కాలిపోయింది.

షాద్‌నగర్ పని కుదరలేదు. కొన్నాళ్ళు పోయి వచ్చాడు, ఆ నీడపట్టు పని ఆయనకు పడలేదు. చివరికి బిడ్డ బడికి పోయేదాకా పొట్టివైన ఈతచెట్లు మాత్రం గీస్తానని, మా తాటిచెట్లు లింగయ్యకు ఒప్పజెబుతానని మాట ఇచ్చాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. బిడ్డ ఒకటో తరగతిలో చేరిన ఏడు మళ్ళీ తాటిచెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు. నేను ఒప్పుకున్నానని కాదు. ఒకటో తరగతి పిల్ల పెద్దదెట్లా అవుతుందని అడుగుతూనే ఉన్నాను. ఆయన నవ్వి ఊరుకుంటాడు. చిన్నపిల్లల తల్లిదండ్రులు ఇట్లాంటి పనులు చెయ్యొచ్చా అని ఎవరైనా అడిగితే, నాది ఇప్పటికీ వద్దు అన్న మాటే. కానీ వద్దంటే వాళ్ళ ఇంట్లో పొయ్యి ఎట్లా మండాలో కూడా చెప్పాలి కదా, అది నాకు చేతకావడం లేదు.

ముడి ఎవరు వేశారో నాకు ఇప్పటికీ తెలియదు. ఫొటోలు చూపించినవాళ్ళు తలా ఒక మాట చెప్పారు. ఒక్కటీ నా మనసుకు ఎక్కలేదు.

మారింది ఒక్కటే. ఇప్పుడు మా ఇంట్లో పొద్దున మోకు ముడి మొత్తం విప్పి, తాడంతా వేళ్ళతో నొక్కి చూసి, మళ్ళీ వేసుకున్నాకే సైదులు బిడ్డను ఎత్తుకుంటాడు. ముందు ముడి, తర్వాతే బిడ్డ. పిల్ల కూడా ఆ పద్ధతికి అలవాటు పడింది. బడి సంచి వేసుకుని గోడకు ఆనుకుని, తండ్రి పని ఎప్పుడైపోతుందా అని చూస్తూ నిలబడుతుంది. మా అత్త అరుగు మీంచి చూస్తుంటుంది.

నేను చాయ్ గ్లాసు పట్టుకుని తలుపు పక్కన మేకు వైపు చూస్తాను. ఇవ్వాళ మేమే చూసుకుంటున్నం మామా, నువ్వు ఫికర్ చెయ్యకు అని మనసులో అనుకుంటాను. నమ్మకం లేని మనిషిని, అట్లా అనుకోకూడదు. కానీ అనుకున్నాకే సైదులును గడప దాటనిస్తాను.