మాటకు టికెట్ అడిగే మామయ్య

మా మామయ్య ఏ మాటనూ ఊరికే నమ్మడు. "ఎవరు చెప్పారు?" అంటాడు. బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి చేసి రిటైరైన మనిషి, ఇప్పుడు మాటలకు టికెట్ అడుగుతున్నాడు. అత్తయ్య "కూరలో ఉప్పు సరిపోయిందండీ" అన్నా అదే ప్రశ్న. బయట వాన పడుతోందన్నా అదే ప్రశ్న. అడిగి ఊరుకోడు, చెయ్యి బయటపెట్టి తడుపుకుని వస్తాడు.

నేను ఇళ్లకు రంగులు వేస్తాను. నిచ్చెన జారి మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్ చేసి, ఫిజియోథెరపీకి వెళ్లమన్నారు. మామయ్య వాళ్లింట్లో మంచం ఎక్కాక అసలు రోగం మొదలైంది. చూడ్డానికొచ్చినవాళ్లలో ఒకరు మోకాలు వంచమంటారు, ఒకరు వంచితే కుట్లు ఊడతాయంటారు. ఒకరు ఐసు, ఒకరు వేడి ఇసుక. ఫోన్లో వీడియోలదీ అదే వరస. వినీ వినీ నీరసమొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను. నిచ్చెన ఎక్కలేనివాడికి ఎవడు పనిస్తాడు?

ఇంతలో పక్కింటాయన వచ్చాడు. "మూడు నెలలు కాలు కదపకు బాబూ, అదే మందు."

ఏమీ చెయ్యక్కర్లేని ఆ సలహా నాకు తెగ నచ్చింది.

"ఎవరు చెప్పారు?" అన్నాడు మామయ్య.

"ఎవరేంటండీ, అందరూ అంటున్నదేగా!"

"ఆ అందరి ఇల్లెక్కడ?"

చెప్పులేసుకుని బయల్దేరాడు. పక్కింటాయనకు చెప్పింది సెలూన్ అతను. అతనికి చెప్పింది మందుల షాపు గుమస్తా. గుమస్తాకు చెప్పింది వాళ్ల ఇంటి ఓనరమ్మ. సాయంత్రానికి మామయ్య చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు.

"నిజమేరా. ఆవిడకి డాక్టరే చెప్పాడు."

"చూశావా మామయ్యా!"

"పశువుల డాక్టరు. వాళ్ల కుక్క కాలు విరిగినప్పుడు."

మర్నాడే నన్ను ఆటో ఎక్కించాడు. ఫిజియోథెరపీ అమ్మాయినీ వదల్లేదు. ఆమె మడమ లాగమంటే "ఎవరు చెప్పారు?", తొడ బిగించమంటే "ఎవరు చెప్పారు?" నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె మాత్రం దేనికి ఏది చెయ్యాలో బొమ్మ గీసి మరీ చూపించింది. ఒకచోట మాత్రం, "ఇది నాకు సరిగ్గా తెలీదండీ, ఆపరేషన్ చేసిన డాక్టర్‌గారిని అడిగి చెప్తాను," అంది.

మామయ్య ముఖం వెలిగిపోయింది. "ఇన్నాళ్లకి ఒక మనిషి దొరికిందిరా!"

వారాలు గడిచాయి. రోజూ అదే లాగడం, అదే బిగించడం, అదే నొప్పి. ఒకరోజు ఫిజియోథెరపీ బల్ల మీద ఉండగానే ప్రాణం విసిగింది.

"నావల్ల కాదు మామయ్యా. నేనింక నిచ్చెన ఎక్కలేను."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నాకే తెలుస్తోంది."

"నీకా? సున్నం సంగతి చెప్పు, వింటాను. మోకాలి సంగతి నీకేం తెలుసురా? డాక్టర్ని అడిగాను. ఈ అమ్మాయిని విడిగా అడిగాను. ఇద్దరిదీ ఒకటే మాట. కాస్త ఆలస్యమైనా, చెప్పింది చేస్తే ఎక్కుతాడని."

"మొదటి రోజు నుంచీ ఆయన నన్ను ఇదే అడుగుతున్నారండీ," అంది ఆమె నవ్వుతూ. "మీరు అటు వెళ్లగానే వెనక్కొచ్చి మరీ."

అన్నాళ్లూ ఆయన చాదస్తం ఎవరి కోసమో అప్పుడు తెలిసింది. మడమ వెనక్కి లాగాను.

"భలే! నిన్నటికంటే బాగా వంగింది," అంది ఆమె.

"ఎవరు..." అనబోయి ఆగాడు మామయ్య. కళ్లజోడు పెట్టుకుని, వంగి తనే చూసుకున్నాడు.