అట్లకాడా, ఇత్తడి చెంబూ

మోకాళ్ళ నొప్పులకి కరెంటు పెట్టించుకోవడానికి మంగళగిరిలో నేను వారానికి మూడుసార్లు వెళ్ళే మేడ మెట్ల పక్కన కిందటి నెల కొత్తగా ఒక బోర్డు వెలిసింది. ఆటిజం ఉన్న పిల్లలకి నడవడికా, చదువూ నేర్పే చోటట. నా వంతు రావడానికి ఇంకా ఆలస్యమవుతుందన్నారు. ఊరికే కూర్చోవడం చేతగాని మనిషిని కనక, వెళ్ళి ఆ గది ముందున్న బల్ల మీద కూర్చుని అద్దంలోంచి లోపలికి చూశాను. పాతికేళ్ళు కూడా నిండని ఒక అమ్మాయి నాలుగేళ్ళ పిల్లకి ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పేరు పెట్టి పిలుస్తోంది, ఆ పిల్ల ఇటు తిరిగీ తిరగకముందే సబ్బు బుడగలు ఊదుతోంది, మళ్ళీ పిలుస్తోంది, మళ్ళీ ఊదుతోంది. నా పక్కన కూర్చున్న ఆ పిల్ల తల్లి, రోజూ ఇదే తంతండీ అని విసుగ్గా అంది. ఆవిడకి నేను చెప్పాల్సింది చాలా ఉంది గానీ చెప్పలేకపోయాను, అప్పటికే నా చెవుల్లో ఒక ఇత్తడి చెంబు మోగుతోంది.

నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, తొంభైల చివర్లో పంతులమ్మకి బదిలీ అంటే ఒక ట్రంకు పెట్టె, ఒక కిరసనాయిలు పొయ్యి, కొత్త ఊళ్ళో ఎవరింట్లోనో ఒక గది. నాకు అద్దంకికీ దర్శికీ మధ్య, సాగర్ కాలవ పక్కనున్న ఊరు వచ్చింది. బస్సు దిగి, అద్దెకి గది ఎక్కడ దొరుకుతుందని నేను అడిగిన మొదటి మనిషే నా పెట్టె నెత్తిన పెట్టుకుని తన ఇంటికి తీసుకుపోయాడు. ఆయన మిరప రైతు. ఇంట్లో ఆయన భార్య, ఆయన తల్లి, ఆరేళ్ళ కూతురు. ఆ పిల్ల పేరు ఇక్కడ రాయను. ఊరంతా పిలిచి పిలిచి అరగదీసిన పేరు అది, ఆ పాపంలో పెద్ద వాటా నాది కాబట్టి, ఇప్పుడైనా దాన్ని కాస్త విశ్రాంతిగా ఉండనిస్తాను.

సామాను దించుకుంటున్నప్పుడే చూశాను, వసారాలో నులక మంచం కోడుకి పాత చీర పేలిక ఒకటి కట్టి ఉంది, దాని రెండో కొస ఆ పిల్ల కాలికి ఉంది. నాకు నోరు ఊరుకోదు. పిల్లనా పశువునా ఇలా కట్టేయడం అని వచ్చిన పూటే ఆ తల్లిని కడిగేశాను. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. "కాలవుంది కదండీ టీచరుగారూ. ఇప్పటికి మూడుసార్లు ఎత్తుకొచ్చాం. చేలోకి పోకపోతే గడవదు, పోతే ఇది ఆగదు," అంది, పేలిక ముడి పిల్ల కాలికి ఒరుసుకోకుండా సవరిస్తూ. పిల్లకి నీళ్ళంటే ప్రాణం. పిలిస్తే పలకదు, ఎదురుగా నుంచున్నా మన మొహంలోకి చూడదు, మాట లేదు, అలాగని చెవుడా అంటే, పెరట్లో ఎవరో కడవలో నీళ్ళు వంపిన చప్పుడుకి వసారాలోంచి తల తిప్పేది. నాలుకకి వస రాశారు, తాయెత్తులు కట్టించారు, మొక్కని దేవుడు లేడు. నాయనమ్మ రోజంతా పక్కనే కూర్చునేది గానీ ఆవిడవి పరిగెత్తే కాళ్ళు కావు. ఆ పేలిక చూస్తూ అన్నం తినడం నాకు చాలా రోజులు కష్టంగానే ఉండేది.

ఆ వేసవిలో ఆయన మిరపకాయల టిక్కీలు, అంటే గోనె బస్తాలు, గుంటూరు యార్డుకి తోలుతుంటే, పిల్లల్ని చూసే ఒక డాక్టరమ్మ అక్కడ ఉందని నేను వాకబు చేసి, తల్లినీ పిల్లనీ తీసుకుని బస్సులో బయలుదేరాను. ఆ డాక్టరమ్మ అరగంటసేపు పిల్లతో పాటు నేల మీదే కూర్చుంది. ఆటిజం అనే మాట మేమిద్దరం మొదటిసారి విన్నది అక్కడే. దీనికి మందు బిళ్ళలు లేవనీ, నేర్పడమే మందనీ, పెద్ద పనిని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్క వచ్చినప్పుడల్లా అక్కడికక్కడే పిల్లకి ఇష్టమైనది ఇస్తూ పోవాలనీ చెప్పి, ముందు ఒక్కటే ఎంచుకోండి, ఏది వస్తే మీ ఇంటికి మేలు అని తల్లిని అడిగింది. మాటలు రావాలంటుందని నేను అనుకున్నాను. ఆవిడ మాత్రం, "కాలి కట్టు విప్పాలండి," అంది.  డాక్టరమ్మ చీటీ వెనక్కి తిప్పి, పిలిస్తే ఆగి వెనక్కి రావడం ఎలా నేర్పాలో మెట్టు మెట్టుగా రాసిచ్చింది.

అప్పటిదాకా నాకు తెలిసిన నేర్పడమల్లా బెత్తం. పదిహేనేళ్ళు దాంతోనే ఎక్కాలు చెప్పినదాన్ని, తప్పుకి దెబ్బ వెయ్యడం తెలుసు గానీ ఒప్పుకి వెంటనే ఏదైనా ఇవ్వాలని ఎవరూ నాకు చెప్పలేదు. అయినా చీటీ నా చేతికొచ్చింది కాబట్టి అది నా ఉద్యోగంలో భాగమే అనుకున్నాను. రోజూ బడి వదలగానే వాకిట్లో మొదలుపెట్టేవాళ్ళం. మొదట చెయ్యి చాపితే అందేంత దూరంలో నుంచుని పేరు పిలవడం, భుజం మీద మెత్తగా తట్టడం, తిరిగిన క్షణంలో చేతిలో నాలుగు మరమరాలు పెట్టడం. కొన్నాళ్ళకి తట్టడం మానేయడం, ఆ తరవాత రెండడుగులు దూరం జరగడం. వాకిలి ఈ చివరి నుంచి ఆ చివరికి చేరడానికి మాకు రెండు నెలలు పట్టింది. నాయనమ్మకి ఇదంతా గిట్టలేదు. "అదేమన్నా కోడిపిల్లా, గింజలు చల్లి పిలవటానికి?" అని నన్ను దెప్పుతూ, నేను అటు తిరగగానే పిల్ల ఒళ్ళో దోసెడు మరమరాలు పోసేది. ఆవిడతో రోజూ పోట్లాటే. అయినా దసరా నాటికి, వాకిట్లో ఎక్కడ ఉన్నా సరే, పేరు వింటే పిల్ల ఆగి తిరిగి మా దగ్గరికి వచ్చేది. ఆ వారంలో పగలు ఒక గంటసేపు కట్టు విప్పి చూశాం, ఏమీ కాలేదు.

ఇక్కడే నేను చేసిన తప్పు చెప్పాలి. ఒక ఆదివారం సాయంత్రం అరుగుల మీద పదిమంది చేరి ఉంటే, గొప్పకి పోయి, పిల్లని వీధిలో వదిలి, పిలిచి చూపించాను. వచ్చింది. అందరూ ముక్కున వేలేసుకున్నారు, నేను పొంగిపోయాను. మర్నాటి నుంచి మొదలైంది. మా ఊళ్ళో పరాయి పిల్ల అనే మాట లేదు, ఎవరి పిల్లనైనా ఎవరైనా పిలవొచ్చు, గద్దించొచ్చు, అన్నం పెట్టొచ్చు. పాలు పోసే ఆయన పిలిచి చూశాడు, బడ్డీకొట్టావిడ పిలిచి చూసింది, పొరుగూరి చుట్టాలు వస్తే వాళ్ళకి వింత చూపించడానికి పిలిచారు. కొందరు పిలిచి, వచ్చిన పిల్లని చూసి నవ్వి ఊరుకున్నారు. ఇంకొందరు పలక్కపోయినా వేరుశనగ ఉండ చేతిలో పెట్టారు, పసిపిల్ల ముందు చాపిన చెయ్యి వెనక్కి తీసుకోవడం మా వైపు మర్యాద కాదు మరి. ఎవరి మనసులోనూ చెడు లేదు. కానీ పదిహేను రోజులు తిరిగేసరికి, ఆ పిల్లకి తన పేరు కాకుల అరుపులాగా, బస్సు హారనులాగా, ఊళ్ళో వినిపించే చప్పుళ్ళలో ఒకటైపోయింది. ఊరికే పిలవొద్దని చీటీలో రాసే ఉంది, నేనే ఖాతరు చెయ్యలేదు.

అలాంటి రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, కట్టు విప్పి ఉన్న గంటలో, పిల్ల వీధి దాటింది. తల్లి వెనకాల పిలుస్తూనే ఉందట. కాలవ మెట్ల మీద, ఆఖరి మెట్టుకి ముందు మెట్టు మీద, పాదాలు నీళ్ళలో పెట్టుకుని కూర్చుని ఉండగా బట్టలుతికే ఆడవాళ్ళు పట్టుకున్నారు.  తల్లి ఇంటికొచ్చి, పేలిక తీసి మళ్ళీ కాలికి కట్టింది, అంతే. తిట్టినా బాగుండేది. నేను గదిలో తలుపేసుకుని ఏడ్చాను, ఇరవై ఏళ్ళు దాటినా ఆ సిగ్గు ఇప్పటికీ తగ్గలేదు.

రెండు రోజులు పోయాక నాయనమ్మే నా గదికి వచ్చింది, కంట్లో నీళ్ళు, చంకలో ఇత్తడి చెంబు, చేతిలో అట్లకాడ.  "పేరు ఊరిదైపోయింది టీచరమ్మా. ఇది మనింటిది," అంది చెంబుని అట్లకాడతో మోగించి. ఆవిడ అంతకంటే పెద్ద మాట కూడా చెప్పింది. మరమరాల కోసం అది ఏనాడైనా కాలవకి పోయిందా, అది పోయేది నీళ్ళ కోసం కదా, మరి ఇచ్చేదేదో నీళ్ళే ఇవ్వరాదా అంది. బీఈడీ చదివిన నాకు తట్టలేదు. పిల్లకి ఇష్టమైనది అని డాక్టరమ్మ చెబితే, పిల్లలకి ఇష్టమని నేననుకున్నది పెట్టాను.

మళ్ళీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాం, ఈసారి పంతులమ్మ నాయనమ్మే. నీళ్ళ తొట్టి పక్కన నుంచుని అట్లకాడతో చెంబుని టంగుమనిపించేది, పిల్ల అటు తిరగగానే చెంబు ముంచి, పట్టిన చేతుల్లో సన్నటి ధార పోసేది. ఆ పిల్ల మొహంలో నవ్వు నేను చూడడం అదే మొదలు. తొట్టి దగ్గర నుంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వీధిలోకి, వీధిలోంచి చేను గట్టు మీదికి పిలుపు దూరం జరుగుతూ పోయింది. నేను చేసిన పని ఒక్కటే, ఇల్లిల్లూ తిరిగి తప్పు ఒప్పుకుని, ఆ చప్పుడు మీరెవరూ చెయ్యొద్దని బతిమాలడం. పేరుని పాడుచేసిన ఊరే ఆ చప్పుడుకి కాపలా కాసింది. వీధిలో ఆడవాళ్ళు ఇత్తడి సామాను చప్పుడు కాకుండా తోముకోవడం నేర్చుకున్నారు. పళ్ళెం వాయించుకుంటూ వచ్చే పాతసామాన్ల అతన్ని వీధి మొదట్లోనే ఆపి, పక్క వీధికి మళ్ళించేవాళ్ళు. అతను మొదట్లో గొణిగాడు గానీ, సంగతి తెలిశాక పళ్ళెం సంచిలో పెట్టుకుని మా వీధి దాటేవాడు.

మాఘమాసం వచ్చింది, కల్లంలో కాయలు ఎర్రగా పరుచుకున్నాయి. ఇరవైమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని తెల్లబడ్డ తాలు కాయలు ఏరుతున్నారు, సెలవు రోజు కనక నేనూ కూర్చున్నాను. పిల్లకి కట్టు లేదు. ఎప్పుడు లేచిందో ఎవరం చూడలేదు, చూసేసరికి కాలవ గట్టు వైపు సగం దూరం పోయింది, కాలవలో నిండుగా నీళ్ళున్నాయి. మామూలుగా అయితే ఇరవై గొంతులూ ఒక్కసారి లేచేవి, పల్లెటూరి గొంతులు మీకు తెలియనివి కావు. ఆ రోజు ఒక్కరూ నోరు తెరవలేదు, ఏరుతున్న చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. తల్లి లేచి చెంబు మోగించింది. పిల్ల నడుస్తూనే ఉంది. రెండోసారి మోగించింది. ఆగింది. కాలవ వైపు ఒకసారి చూసింది, తిరిగింది, పరుగు లేకుండా తన నడకతో తాను వచ్చి తల్లి ముందు నుంచుని చేతులు పట్టింది. తల్లి పక్కనున్న కడవలో చెంబు ముంచి నీళ్ళు పోసింది. పిల్లని ముట్టుకుందామంటే అవి మిరప చేతులు, తన కళ్ళు తుడుచుకుందామన్నా అవే చేతులు, అందుకని కారే కళ్ళని అలాగే కారనిచ్చి చెంబు ఖాళీ అయ్యేదాకా పోస్తూనే ఉంది. మర్నాటి నుంచి ఆ చీర పేలిక పొయ్యి దగ్గర మసిగుడ్డ అయింది.

ఆ తరవాత ఆరేళ్ళు నేను అక్కడే ఉన్నాను. గుండీలు పెట్టుకోవడం, పళ్ళెం కడగడం, బడిలో నా బల్ల పక్కన కూర్చుని తాలు కాయలూ మంచి కాయలూ వేరు చేసినట్టే అక్షరాలు వేరు చేయడం, అన్నీ అలాగే ముక్క తరవాత ముక్కగా నేర్చుకుంది. నా బెత్తం ఏమైందో నాకే తెలియదు, ఎప్పుడో చిక్కుడుపాదుకి ఊతం పెట్టి ఉంటాను.

బోర్డు చూసిన వారానికి, మోకాళ్ళు వద్దంటున్నా బస్సెక్కాను. నాయనమ్మ పోయి చాలా ఏళ్ళయింది. వీధికి సిమెంటు రోడ్డు పడింది, అరుగులు ఆ రోడ్డులో కలిసిపోయాయి, ఇళ్ళల్లో ఇత్తడి పోయి స్టీలొచ్చింది. ఆ ఇంట్లో మాత్రం సొట్టలు పడ్డ చెంబు తొట్టి మీదే ఉంది. పిల్లకి ముప్పై దాటాయి. పదో పన్నెండో మాటలున్నాయి, కల్లంలో ఆమె ఏరిన కాయల్లో తాలు వెతకక్కర్లేదని చెప్పుకుంటారని తల్లి అంది. నా మొహంలోకి చూడలేదు, కానీ నా పక్కనే కూర్చుని అన్నం తింది.

బస్సు వేళకి లేచి వీధి మలుపు దాకా నడుస్తూ మంగళగిరి అమ్మాయి గురించి ఆలోచించాను. ఆమెకి తెలిసినదాంట్లో పావు వంతు మాకు ఆ రోజుల్లో తెలిసి ఉంటే, ఆ కట్టు ఒక కాపు ముందే విప్పేవాళ్ళం, అందులో సందేహం లేదు. ఇప్పుడు ఆటిజం అనే మాట అందరికీ తెలుసు, అది మంచిదే. అప్పుడు ఆ మాట మా వీధిలో ఎవరికీ తెలియదు గానీ, ఏ చప్పుడు చెయ్యకూడదో మాత్రం అందరికీ తెలుసు. ఒక్క పిల్ల కోసం వీధంతా చప్పుడు మానుకోవడం ఇప్పుడు ఎక్కడైనా ఉందో లేదో, ఉంటే చూడాలని ఉంది.

అప్పుడు వెనక నుంచి టంగుమని వినిపించింది. ఆగాను. వెనక్కి తిరిగితే, ఆ ఇంటి గేటు దగ్గర ఒక చేత్తో చెంబు, ఒక చేత్తో అట్లకాడ పట్టుకుని ఆ పిల్లే నుంచుని ఉంది. ఎదురుగా బస్సు వస్తోంది, మళ్ళీ బస్సు గంటన్నరకి గాని లేదు. కుంటుకుంటూ వెనక్కి నడిచాను. ఆమె నా మొహంలోకి చూడలేదు, అట్లకాడ చంకలో పెట్టుకుని, తొట్టిలో చెంబు ముంచుకొచ్చి నా ముందు నుంచుంది. బస్సు పోయింది. నేను దోసిలి పట్టాను.