జాస్మిన్ లెక్కలో ఏడాది

అద్దంకి దగ్గర మా ఊళ్లో మార్చి నెలలో మబ్బు పడితే కోళ్లు కూడా ఆకాశం చూసి గుడ్డు వాయిదా వేసుకుంటాయి. నమ్మకపోతే మీ ఇష్టం. కల్లాల్లో మిరపకాయలు ఆరేది అప్పుడే. ఒక్క గట్టి జల్లు పడితే పంట మొత్తం బూజు పట్టిపోతుంది.

అలాంటి మబ్బు పట్టిన పొద్దున జాస్మిన్ లెక్కల పరీక్షకు బయలుదేరింది. కూలికి పోయే మనిషి. ఊరి అంగన్‌వాడీలో టీచరు ఉద్యోగం ఖాళీ అయింది, దానికి పదో తరగతి ఉండాలి. ఓపెన్ స్కూల్లో అన్నీ గట్టెక్కి లెక్కలొక్కటే మిగిలింది. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది.

"మబ్బు చూశావా? కాయ మీద కప్పే పరదా పట్టలు నేనొక్కణ్ణే లాగలేనే," అన్నాడు ఆమె భర్త ఫిలిప్. వాళ్లు కౌలు చేలో పండించిన మిరపకాయంతా కల్లంలోనే ఉంది.

"పరీక్ష కాగానే వచ్చేస్తా. దేవుడు అందాకా ఆగుతాడులే."

"ఆ దేవుడి దగ్గర వాచీ లేదే!"

పరీక్ష గదిలో చివరి లెక్క దగ్గర జాస్మిన్ కలం ఆగింది. ఒకావిడ ఆదాయం నెలకు పదిహేను వేలు. తిండికి, అద్దెకు నెలకు తొమ్మిది వేలు. పిల్లల ఫీజు ఏడాదికి ఇరవై నాలుగు వేలు. ఏడాదికి మిగులు ఎంత?

ఎన్నిసార్లు చేసినా మిగులు రాలేదు. నలభై రెండు వేల లోటు వచ్చింది. పత్తి తీతలు మొదలైనప్పటి నుంచి మిరప కోతలు అయ్యేదాకా ఆరు నెలలే కూలి దొరికే ఊరు మాది. అందుకే ఆమె ఆదాయాన్ని ఆరుతో హెచ్చవేసింది, తిండిని మాత్రం పన్నెండుతో. కడుపు ఏ నెలా ఊరుకోదు కదా.

దూరంగా ఉరిమింది. కిటికీ రెక్క కొట్టుకుంది. ఈ లెక్క వదిలేస్తే ఇప్పుడే కల్లానికి పరుగెత్తవచ్చు. కానీ ఇది లేకుండా పాసు మార్కులు రావు.

"మేడమ్, ఈవిడకి జూన్‌లో పని ఎవరిస్తారండీ?"

పర్యవేక్షణకు వచ్చిన సుబ్బలక్ష్మి గారు కళ్లజోడు సర్దుకున్నారు. "పరీక్ష రాస్తున్నావా, సంబంధం చూస్తున్నావా? నెలనెలా అంటే నెలనెలా. పని ఉన్నా లేకపోయినా. రాయమ్మా!"

పని లేని నెలల్లో కూడా జీతమా! జాస్మిన్ పాత లెక్క కొట్టేసింది. ఆదాయాన్నీ పన్నెండుతో హెచ్చవేసి, ఖర్చు తీసేసింది. మిగులు నలభై ఎనిమిది వేలు. రాస్తుండగానే రేకుల మీద వడగళ్లు పడ్డాయి.

ఆమె ఊరు చేరేసరికి కల్లం పక్క కాలవలో నీళ్లు ఎర్రగా పారుతున్నాయి. ఒక పట్ట తుమ్మచెట్టుకు వేలాడుతోంది. ఫిలిప్ మోకాళ్ల లోతు కాయలో నిలబడి ఉన్నాడు.

"రాశావా?"

"రాశాను. గట్టెక్కుతాను."

అతను తలెత్తలేదు. "అయితే ఆ అంచు పట్టుకో."

ఇద్దరూ కలిసి పట్ట ఎత్తారు. అడుగున కాయ వేడెక్కి ఆవిరి లేస్తోంది. వాడరేవు సముద్రం వైపు నుంచి ఇంకో మబ్బు కమ్ముకొస్తోంది.