పాత్రల కొట్టు వెనక విమానం

హోసూరు బస్టాండులో డెంకణికోట బస్సు కండక్టరు నన్ను చూసి, తోలుసంచీ భుజానికి ఎక్కించుకుంటూనే చెప్పాడు. "మీ శెట్టప్ప పోయినాడప్పా. పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నాడంట, అట్లే ఒరిగిపోయినాడంట." ఫ్యాక్టరీకి పోవలసిన బస్సు ఎదురుగానే ఉంది. దాన్ని వదిలేసి, టిఫిను డబ్బాతోనే డెంకణికోట బస్సెక్కాను.

తర్వాత బజారు పెద్దలు సంతాప సభ పెట్టారు. ధర్మాత్ముడన్నారు, నిదానస్తుడన్నారు, తూకంలో మోసం ఎరగడన్నారు. అన్నీ నిజమే. ఒక్క పెద్దమనిషీ విమానం మాట ఎత్తలేదు. పోయినవాడి పిచ్చి గురించి మాట్లాడితే మర్యాద కాదనుకున్నారేమో. నాకు ఒళ్లు మండింది. ఒక మనిషి బతుకంతా దేనికోసం తపించాడో దాన్ని పక్కకు నెట్టి, మిగిలింది పొగిడితే అది ఎవరి జ్ఞాపకం? అందుకే ఇది రాస్తున్నాను. నేను బడిలో పెద్దగా చదివినవాణ్ని కాదు. కాగితం దొరికితే చదువుతాను, కోపం వస్తే రాస్తాను.

శెట్టిగారు నాకు చుట్టం కాదు. డెంకణికోట బజారులో ఆయనది పాత్రల కొట్టు. నేను హోసూరు ఫ్యాక్టరీలో రేకు పని చేసేవాణ్ని. సూపర్‌వైజరు ఒకడు నా పక్కవాణ్ని తల్లిని ఎత్తి తిట్టాడని వాడి కాలరు పట్టుకున్నాను. కొన్నాళ్లు గేటు బయట ఉంచారు. ఆ ఖాళీలో శెట్టిగారి దగ్గర గిన్నెలకు చెవులు బిగించే పనికి కుదిరాను. నేను కొట్టిన మొదటి రివెట్టును ఆయన బొటనవేలితో తడిమి చూశారు.

"కోపంగా కొట్టినావే."

"పట్టు ఉంది కదా శెట్టప్పా."

"పట్టు ఉందిలే. గిన్నె నీకేం చేసింది, పాపం?"

నేను ఎరిగినవాళ్లలో నా కోపానికి ఎదురు కోపం చూపించని మొదటి మనిషి ఆయన. ఆ సాయంత్రం నన్ను కొట్టు వెనక గోడౌనులోకి తీసుకుపోయారు. సరుకంతా గోడల వారకు సర్దేసి ఉంది. నడుమ నేల మీద ముగ్గుపిండితో ఏదో పెద్ద గీత. ఏదో పూజకు వేసిందనుకుని గీత వెంబడి నడిచాను. సన్నగా మొదలై, వెడల్పయి, ఒక పక్క గోడకు తగిలి ఆగిపోయింది. ఇంకో పక్క వెనక గడప దాటి, పెరట్లో పరిచిన బండల మీదుగా బావి దాకా పోయింది. అప్పుడు తెలిసింది, అది రెక్క అని. అసలు కొలతల్లో ఒక విమానం నేల మీద పడుకుని ఉంది. గీతల లోపల అక్కడక్కడా చిరిగిన రేకులు, వాటి వాటి చోట్లలో.

గోడౌనులో పట్టని ఆ రెక్కను శెట్టిగారి భార్య రోజూ కల్లాపి చల్లి కొత్తగా గీసేది. ఆవిడను నేను అమ్మా అనే పిలుస్తాను. "అందురూ పద్మాలు పెడతారు. నాకు ఈ మొండి రెక్క రాసిపెట్టింది," అని నవ్వేది. వానకు అది చెరిగిపోతే ఆయన కంటే ఆవిడే ఎక్కువ గొణుక్కునేది.

ఆ విమానం కథ ఇది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, శెట్టిగారు ఇంకా పిల్లవాడుగా ఉన్నప్పుడు, అంచెట్టి కొండల్లో ఒక యుద్ధ విమానం కూలింది. సైన్యం వచ్చి, నడిపినవాడి శవాన్నీ ఇంజనునూ తుపాకులనూ తీసుకుపోయింది. మిగిలిన రేకును పల్లెలవాళ్లు కావళ్లతో మోసుకొచ్చారు. శెట్టిగారి నాయన తూకానికి కొన్నాడు, కరిగించి గిన్నెలు పోయించాడు.

"మా నాయన తప్పు చేసినాడని కాదప్పా," అనేవారు. "రేకు వచ్చింది, కొన్నాడు. అయితే ఒక రేకుకు లోపలి పక్క పెన్సిలు గీత ఉన్నింది. చేసేటప్పుడు ఎవురో కొలతకు గీసుకున్నారు. బయట రంగు కాలిపోయినా లోపల ఆ గీత అట్లే ఉన్నింది. నేను చూస్తానే ఉన్నాను, కొలిమిలో పడేసినారు."

రేకు కోసే ముందు నేనూ పెన్సిలుతోనే గీస్తాను. నా గీతను ఇంతవరకు ఎవరూ చూడలేదు.

కొట్టు తన చేతికి వచ్చాక శెట్టిగారు వెతుకులాట మొదలుపెట్టారు. మొదట దొరికిన ముక్కలను బెంగళూరులో ఒక పాత మిలిటరీ మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయారు. రివెట్ల వరసలు, రేకు వంపు చూసి, ఒక్కడే కూర్చుని నడిపే యుద్ధ విమానమని అతను తేల్చాడు. తన పెరట్లో సుద్దతో గీసి చూపించాడు. శెట్టిగారు దాన్ని తాడుతో కొలుచుకుని, తాడుకు ముడులు వేసుకుని తెచ్చారు. నడిపినవాడి పేరు మాత్రం మెకానిక్కుకూ తెలియలేదు. ఆ పేరు కోసం శెట్టిగారు చాలామందిని అడిగారు, ఎవరూ చెప్పలేకపోయారు.

నేను ఫ్యాక్టరీకి తిరిగి పోయాక కూడా ఆదివారాలు ఆయనతోనే. గోనెసంచీలో కొత్త గిన్నెలు వేసుకుని అంచెట్టి బస్సెక్కేవాళ్లం. పాతదానికి కొత్తది మార్చడం ఆయన తాతలనాటి వ్యాపారం. విమానాన్నీ అట్లాగే వెనక్కి తెచ్చుకున్నారు. ఒక ముక్క మేకపిల్లల దొడ్డికి తలుపయి ఉంది. ఒకటి పొయ్యికి గాలి మరుగు. ఒకటి పశువుల కుడితి తొట్టి. ఏదీ ఊరికే పడి లేదు.

మాట పాకింది. జనం తెలివైనవాళ్లు. ఒకతను పచ్చరంగు రేకు మోసుకొచ్చాడు.

"ఇది ఇమానందేనా అప్పా?" అని శెట్టిగారు అడిగారు.

"పచ్చ ఇమానం సామీ."

"చేయి బయట చాపొద్దని అరవంలో రాసుందే?"

"ఇమానంలో మాత్రం చేయి బయట చాపొచ్చునా సామీ?"

శెట్టిగారు నవ్వి నవ్వి, బండ మీద కూలబడి, అతనికి ఒక గ్లాసు ఇచ్చి పంపించారు.

ఇంకోసారి ఒకావిడ సొట్టపోయిన బిందె తెచ్చి, ఇదీ విమానానిదే అంది. "బిందెకు, విమానానికి తేడా తెలీదా?" అని నేను అరిచాను. శెట్టిగారు బిందె తిరగేశారు. అడుగున వాళ్ల నాయన ముద్ర. ఆ ముద్ర యుద్ధం రోజుల సరుకుకు మాత్రమే ఉండేదట. ఆమెకు కొత్త బిందె ఇచ్చేశారు. ఇంటికి వచ్చి పాత బిందెను ముగ్గులో తోక దగ్గర పెట్టారు. అక్కడ అప్పటిదాకా ఏమీ లేదు.

"అది తోకేనని ఎట్ల చెప్తారు?" అన్నాను.

"కాదని నువ్వెట్ల చెప్తావు? కరిగింది యాడికి పోతుంది? ఈడే ఎవురింట్లోనో నీళ్లు మోస్తా ఉంటుంది."

ఆ తర్వాత ఆ ముద్ర ఉన్న ప్రతి గిన్నే, ప్రతి చెంబూ తోకలోకే చేరింది. చూసినవాళ్లు పిచ్చి శెట్టి అన్నారు. నాకు మాత్రం ఆ తోక చూస్తే ఏడుపొచ్చేది.

ఆయనకు అన్నిటికంటే కావలసింది ముందు భాగంలో తిరిగే పంకా రెక్క. దానికి ఉన్నవి మూడు. ఒకటి ఇంజనుతో పోయింది, ఒకటి కొలిమిలో పోయింది. మూడోది అంచెట్టి అవతల ఒక కొండవాలులో ఉంది, చెక్కుచెదరకుండా. విమానం మొత్తంలో వంగని వస్తువు అదొక్కటే. కానీ అది నేలలో నిలువుగా నాటి ఉంది. పసుపు, కుంకుమ పెట్టి ఉంది. మా వైపు పశువుల కోసం ప్రాణం ఇచ్చినవాడికి వీరగల్లు నాటుతారు. ఆ పల్లెవాళ్లు రాయికి బదులు రెక్క నాటారు.

దాన్ని చూసుకునేది మేకలు కాచే ఒక అవ్వ. కూలిన రోజున ఆమె అక్కడే ఆవులు మేపుతోందట. "నేరుగా మా మందమీదికే వస్తా ఉండె. ఆవుల్ని చూసి తిప్పినాడు, ఆ వంకలో పడినాడు. కన్నారా చూసినాను," అంది.

నా నోరు ఊరుకోదు. "ఇంజను ఆగిపోతే అదే తిరుగుతుందవ్వా. ఎవురూ తిప్పాల్సిన పని లేదు," అన్నాను.

శెట్టిగారికి కోపం రావడం నేను చూసింది అప్పుడే. "నువ్వు ఆడ ఉన్నావా?" అన్నారు.

ఆయన సంచీలోంచి కొత్త పాల క్యాను తీసి ముందు పెట్టారు. దాని చెవులకు నేనే రివెట్లు కొట్టాను. అవ్వ దాన్ని చేత్తో కూడా తాకలేదు. "మనిషిని ఇచ్చి క్యాను తీసుకుంటారా ఎవురైనా?" అంది. శెట్టిగారు ఆ రెక్క వైపు చేయి చాపి, తాకకుండా వెనక్కి తీసుకున్నారు. "క్యాను ఉండనీలేమ్మా, రెక్కకు కాదు, నీ పాలకు," అని లేచారు.

దిగేటప్పుడు నేను, "గడ్డపార ఉంటే ఒక గంట పని," అన్నాను. ఆయన నడక ఆపకుండా అన్నారు: "ఆడ నిలబడినోణ్ని తెచ్చి గోడౌనులో పండబెట్టేదానికి మనమెవురప్పా?"

అయినా ఆశ చావలేదు. ఏటా ఒకసారి పోయేవారు, అడగకుండా కూర్చుని వచ్చేవారు. పోయే ముందు నెల జ్వరంతో పడుకున్నప్పుడు, మంచం పక్కన కూర్చున్న నాతో, "ముక్కు కాడ చోటు ఖాళీగా ఉంచు. ఇంకేమీ పెట్టొద్దు," అన్నారు. సరే అన్నాను.

చావు ఇంట ముగ్గు పెట్టరు. పెరట్లో రెక్క గీత చూస్తుండగానే గాలికి కొట్టుకుపోయింది. నేను అమ్మ దగ్గరికి పోయి, "ఇదేం ఆచారమమ్మా, ఆయన గీతనే చెరిపేస్తే ఎట్లా?" అని గట్టిగానే అన్నాను. ఆవిడ బండల వైపు చూస్తూ, "ఏడాది దాకా నా చేత్తో పెట్టకూడదప్పా," అంది. మళ్లీ, "నీ తావ పెన్సిలు ఉంటుంది గదా? నువ్వు గీయి. కొలతకు అంటు లేదు," అంది. శెట్టిగారి ముడుల తాడు పట్టుకుని, గడప నుంచి బావి దాకా మోకాళ్ల మీద గీశాను.

కర్మలయ్యాక కొండకు పోయాను, అవ్వకు చెప్పాలని. ఆమెకు ముందే తెలిసిపోయింది.

"మీ శెట్టప్పకు రాయి నాటినారా?"

"వాళ్లలో నాటరవ్వా. కాల్చినారు."

"అట్లయితే ఆయప్ప యాడ నిలబడాల?" అని కర్ర అందుకుని లేచింది.

వెనకే పోయాను. రెక్క పక్కన పాల క్యాను, సగం దాకా మట్టిలో నాటి ఉంది. పాలు ఎప్పుడూ పోసినట్టు లేదు, ఇంకా కొత్తగానే ఉంది. దానికీ పసుపు, దానికీ కుంకుమ, మూత మీద తంగేడు పూలు. కావేరి వైపు నుంచి గాలి వస్తోంది. నేను కోపంగా కొట్టిన రివెట్టు ఒకటి కొంచెం వదులైంది. గాలి వీచినప్పుడల్లా పిడి లేచి క్యానుకు తగిలి, టక్కుమంటోంది. సంచీలో సుత్తి ఉంది. బిగించకుండా వచ్చేశాను.