సంతోషమ్మ వేసిన నామినేషన్

లక్సెట్టిపేట దగ్గర గోదావరి ఒడ్డు ఊళ్లో సంతోషమ్మకు యాభై రెండేళ్లు. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక కుట్టుమిషను. ఊరి ఆడవాళ్ల జాకెట్లన్నీ ఆమె చేతి మీదుగానే పోతాయి. ఆ చేతి వేలికి మాత్రం రెండు పంచాయతీ ఎన్నికలుగా సిరా చుక్క అంటలేదు. పెద్దమనుషులు కూర్చుని సర్పంచును ఖాయం చేసేస్తారు. దానికి ఏకగ్రీవం అని ముద్దుపేరు. ఏకగ్రీవమట! అడిగిందెవరిని?

ఈసారి సీటు ఆడవాళ్లకు వచ్చింది. పోటీ లేకుండా చేస్తే గుడికి, చర్చికి, మసీదుకు తలా ఒక రేకుల షెడ్డు వేయిస్తానని ఊళ్లో డబ్బున్న లక్ష్మణ్ మాటిచ్చాడు. ఆయన భార్య వనజే సర్పంచని పెద్దలు తలలూపారు. వనజ ఆ కూటంలోనే లేదు. సంతోషమ్మకు ఒళ్లు మండింది. పోయి తనూ నామినేషన్ వేసింది. ప్రతిపాదిస్తూ సంతకం పెట్టింది పక్కింటి మక్సూదా.

అంతే, ఊరు ఆమెతో మాటలు బంద్ చేసింది. కత్తిరించి పెట్టిన గుడ్డలు కూడా కుట్టకముందే వాపసు తీసుకుపోయారు. మక్సూదాను మొగుడు గడప దాటనివ్వలేదు. ఆదివారం చర్చిలో సంతోషమ్మ కూర్చున్న చాప మీద ఇంకెవరూ కూర్చోలేదు. పాటలో తన గొంతొక్కటే వేరుగా వినబడి, సిగ్గేసి మధ్యలో ఆపేసింది.

నామినేషన్లు వెనక్కి తీసుకునే ఆఖరి రోజు మరిది యెషయా వచ్చాడు. చర్చిలో పెద్ద ఆయనే.

"వదినా, జర ఆలోచించు. నీ ఒక్కదాని పాలవడి షెడ్డు పోతది. వాపస్ తీస్కో."

"నేను గెలుస్తనని ఏసిన్ననుకున్నవా? గీ ఊళ్లె ఓట్లు పడాలె. గంతే."

"నీ ఓటు తప్ప నీకు ఇంకోటి రాదు!"

"రాకపోతె రాకపాయె. అదొక్కటన్న ఏస్కుంట."

యెషయా విసవిసా వెళ్లిపోయాడు. మూడింటికి గడువు. ఇంత ఒంటరితనం తనవల్ల కాదనిపించి, రెండున్నరకు లేచి చెప్పులు వేసుకుంది. వాకిట్లో కాసేపు నిలబడి, మళ్లీ విప్పేసింది.

పోలింగు రోజు బడి ముందు వరుసలో ఆమెకు ముందూ వెనకా జాగా వదిలి నిలబడ్డారు జనం. వనజ గుర్తు ఉంగరం, సంతోషమ్మది కత్తెర. మధ్యాహ్నం లెక్కింపుకు ఏజెంటుగా వచ్చే మనిషి లేక తానే కూర్చుంది. వనజకు ఐదు వందల డెబ్బై. తనకు ముప్పై ఏడు.

ముప్పై ఏడు! ఒకటి తనది. మక్సూదాది ఒకటి అనుకున్నా, మిగతా ముప్పై ఐదు ఎవరివి? ఇంటికొచ్చి ఒక్కతే ఏడ్చింది. ఆ వారమంతా జాకెట్టు గుడ్డ పట్టుకుని ఎవరూ రాలేదు, పలకరించనూ లేదు.

ఆదివారం చర్చికి పోతూ, వాకిళ్లలో కనబడ్డ ప్రతివాళ్లకూ ఆగి వందనాలు చెప్పింది. చాలామంది మొహం తిప్పుకున్నారు. ఆ తిప్పుకున్నవాళ్లలోనూ తనకు ఓటేసినవాళ్లు ఉండే ఉంటారు. అందుకని ఒక్క గడపనూ వదల్లేదు.