నీళ్ల గడిలో పద్దెనిమిది గింజలు

2001 ఎండాకాలం నుంచి 2003 వానాకాలం దాకా శామీర్‌పేట దగ్గరి ఒక చిన్న పల్లెలో పోయినవాటిని ముందు రాస్తాను. ముప్పై ఎనిమిది ఇళ్లలో నాలుగింటికి తాళాలు పడ్డాయి. ఆ కుటుంబాలు జీడిమెట్ల ఫ్యాక్టరీల వైపు వెళ్లిపోయాయి. ఇరవై ఏడు బర్రెల్లో పదహారు అమ్ముడుపోయాయి. ఆరుగురు ఆడపిల్లలు బిందెలు మోయడం కోసం బడి మానేశారు. నలుగురు తిరిగి వచ్చారు, ఇద్దరు రాలేదు. సర్కారు నాటించిన నాలుగు వందల మొక్కల్లో మూడు వందల యాభై ఏడు ఎండిపోయాయి. ఇవన్నీ నేను ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టినవే. ఇందులో వానలు లేక పోయినవి ఎన్ని, నా వల్ల పోయినవి ఎన్ని అన్నది మాత్రం విడదీయలేకపోతున్నాను. చాలాసార్లు కూర్చున్నాను. తేలలేదు.

నేను చదివింది ఎనిమిదో తరగతి. జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో బోల్టులూ వాషర్లూ లెక్కపెట్టి రాసే పనిలో పదకొండేళ్లు ఉన్నాను. శాతాలు, సగటులు అక్కడే పాత పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్నాను. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఒక సర్వే సంస్థలో ఎన్యూమరేటర్‌గా చేరాను. అంటే ఊళ్లు తిరిగి, మనుషులను అడిగి, అంకెలు రాసుకొచ్చే మనిషి. మా చేతిలో టాలీ షీటు అని ఒక కాగితం ఉంటుంది. అందులో గీతలు గీసి కూడడం తప్ప వేరే మాట రాయడానికి చోటుండదు. మొదట్లో నాకది నచ్చింది కూడా. మాటలు జారుతాయి, అంకెలు జారవు అనుకునేవాణ్ని.

2001లో శాసనసభ కమిటీ ఒకటి, పర్యావరణానికీ ఊళ్ల బాగుకీ రాబోయే ఏళ్లలో ఏ పని ముందు చేయాలో తేల్చే పనిలో ఉంది. జనాన్నే అడిగి తేల్చాలన్నారు. మేడ్చల్, శామీర్‌పేట వైపు పల్లెల్లో అడిగే పని మా సంస్థకు వచ్చింది. పద్ధతి పేరు ర్యాంకింగ్. ముగ్గుపిండితో నేల మీద ఐదు గడులు గీస్తాం. తాగునీరు, రోడ్డు, బడి, చెట్లు, మరుగుదొడ్లు, ఒక్కో గడిలో ఒక్కో బొమ్మ. మనిషికి పది చింతగింజలు ఇస్తాం. ఏది ఎక్కువ అవసరమో అందులో ఎక్కువ గింజలు పెట్టాలి. చదువు రానివాళ్లు కూడా చెప్పగలిగే పద్ధతి అని మా సూపర్‌వైజర్ మేడం శిక్షణలో చెప్పారు. నాకూ బాగానే అనిపించింది.

మే నెలలో ఒక పొద్దున ఆ పల్లెకు వెళ్లాం. తుర్కపల్లి పోయే రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి నడవాలి. ఊరికంతటికీ ఒకటే చేతి పంపు. దాని ముందు బిందెల వరుస ఎంతుందో అలవాటు కొద్దీ లెక్కపెట్టాను: నలభై ఒకటి. ఈ ఊళ్లో ఫలితం ముందే తెలిసిపోయిందని మనసులో అనుకున్నాను.

బడి వరండాలో గడులు గీశాం. నాలుగిళ్ల వాళ్లు కూలికి పోయారు, మిగతా ఇళ్ల నుంచి ఇంటికొకరు చొప్పున ముప్పై నాలుగు మంది వచ్చారు, ఎక్కువ మంది ఆడవాళ్లే. మొత్తం గింజలు మూడు వందల నలభై. మేడం పద్ధతి వివరించారు, నేను వాళ్ల మాటలో మళ్లీ చెప్పాను. అందరూ తలలూపారు.

మొదట ఎవరూ లేవలేదు. ఒక ముసలాయన వైపు చూశారు. ఆయన నీరడి మల్లయ్య. చెరువు తూము తీసి పొలాలకు వంతుల ప్రకారం నీళ్లు వదిలే పని ఆయనది, ఆయన తండ్రిది కూడా. మల్లయ్య లేచి గడులన్నీ ఒకసారి చూసి, చెట్ల గడిలో ఐదు, బడి గడిలో మూడు, రోడ్డు గడిలో రెండు పెట్టి కూర్చున్నాడు. ఇక ఒకరి తర్వాత ఒకరు లేచారు. గంటలోపే అయిపోయింది.

కూడితే చెట్లు 131, బడి 84, రోడ్డు 58, మరుగుదొడ్లు 49, తాగునీరు 18.

మళ్లీ లెక్కపెట్టాను. మూడోసారీ లెక్కపెట్టాను. మూడుసార్లూ అవే వచ్చాయి, మొత్తమూ మూడు వందల నలభైకి సరిపోయింది. నలభై ఒక్క బిందెల వరుస ఉన్న ఊరు నీళ్లను ఆఖరున పెట్టింది. నాకు బుర్ర పనిచేయలేదు. నాలుగు బర్రెలు పెట్టుకుని పాలు అమ్మి బతికే బుచ్చమ్మ అక్కడే నిలబడి ఉంది. ఆమెను అడిగాను.

"అక్కా, నీళ్ల గడిల నువ్వు ఒక్క గింజ గూడ ఎయ్యలే. నీళ్లు అక్కర్లేదా మీకు?"

"అక్కరుండబట్టే గదా సారూ, గా గడి ఖాళీగ ఇడిసినం."

పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. "సారుకు లెక్కలు రావే" అని ఎవరో అన్నారు. నీళ్ల కోసం సర్కారును అడిగి అడిగి విసిగిపోయి ఎత్తిపొడుస్తున్నారనుకున్నాను. అయినా మనసొప్పక మేడంతో చెప్పాను.

"మనం జనం మనసులో ఏముందో ఊహించకూడదు సత్తయ్యగారూ, వాళ్లు పెట్టింది లెక్కపెట్టడమే మన పని" అన్నారు. ఆ మాటలో తప్పు నాకు కనిపించలేదు. టాలీ షీటు మీద సంతకం చేశాను.

జూలైలో ఆ పల్లెకు నాలుగు వందల మొక్కలు వచ్చాయి. మొదటి ర్యాంకు చెట్లకు వచ్చింది కాబట్టి పచ్చదనం పథకం కింద ఆ ఊరిని ఎంపిక చేశారు. తాగునీటి జాబితాలో దాని పేరే లేదు.

నవంబరులో బతికిన మొక్కలెన్నో లెక్క రాసుకోవడానికి నన్నే పంపారు. చెరువు కట్ట మీదుగా వెళ్తుంటే తూము దగ్గర మల్లయ్య కూర్చుని ఉన్నాడు. చెరువులో ఆ ఏడు నీళ్లు కొద్దిగానే ఉన్నాయి. ఆయన ముందు బండ మీద సున్నంతో గీసిన ఏడు గడులు, వాటిలో చింతగింజలు. దగ్గరికి వెళ్లాను.

"ఇదేంది తాతా?"

"వంతులు. ఏడుగురి మళ్లు వారాలె. నీళ్లు వారిన మడికి ఒక గింజ ఏస్త. ఎవలి గడిల తక్కువుంటె వాళ్లకు ముంగట తూము ఇప్పుత."

"ఖాళీగ ఉంటే?"

"ఖాళీగుంటే వానికి ఇంక సుక్క గూడ అందనట్టు. వాడే అందరికన్న ముంగట. గింత గూడ ఎరుకలేదా నీకు? మరి మొన్న ఎండకాలం వచ్చి మాతోని గింజలెందుకు పెట్టిచ్చినవ్?"

అప్పుడు గానీ నాకు తెలియలేదు. ఆ ఊళ్లో ఏళ్లుగా బతుకుతున్నవాళ్లందరికీ గింజ అంటే అందిన వంతు. సర్కారు మొక్కలు రోడ్డు వెంట అప్పటికే రెండుసార్లు వచ్చాయి, అందుకే చెట్లకు అన్ని గింజలు. బడికి కొత్త గది వచ్చింది, అందుకే ఎనభై నాలుగు. ఎక్కువ అవసరమైనదానికి ఎక్కువ పెట్టమని మేం చెప్పిన మాట వాళ్లు విన్నారు. విని, పట్నం వాళ్లకు పంచడం తెలియదులే, సరిగ్గా పెడితే వాళ్లే తెలుసుకుంటారని, మల్లయ్య పెట్టినట్టే పెట్టారు.

మరి ఆ పద్దెనిమిది ఎవరివి? అదీ కనుక్కున్నాను. మేడ్చల్ దిక్కు నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లు ఇద్దరు, చెరో తొమ్మిది పెట్టారు. వాళ్ల పుట్టిళ్లలో చెరువు లేదు. మేం చెప్పినట్టు పెట్టింది ఆ ఊళ్లో వాళ్లిద్దరే.

ఆ రాత్రంతా కాదు గానీ, ఆ వారమంతా లెక్క తిరగరాయడానికి చూశాను. తలకిందులు చేస్తే సరిపోతుందనుకున్నాను. సరిపోలేదు. ఖాళీ గడి నీళ్లు మొదటివి అని చెబుతుంది గానీ, ఎంత మొదటివో చెప్పదు. ముప్పై ఇద్దరు మా పద్ధతిలో పెట్టి ఉంటే నీళ్లకు రెండు వందలు వచ్చేవా, మూడు వందలా? ఆ అంకె ఎక్కడా లేదు. లేని అంకెను రాస్తే అది నా సొంత కల్పన అవుతుంది. ఉన్న అంకెను ఉంచితే అది అబద్ధం. రెండింటిలో ఏది తక్కువ తప్పో నాకు తేలలేదు.

మేడంకు చెప్పాను. "నివేదిక సభ ముందుకు వెళ్లిపోయింది సత్తయ్యగారూ. మార్చాలంటే మళ్లీ సర్వే చేయాలి. దానికి మంజూరు లేదు" అన్నారు. ఆమె చెడ్డ మనిషి కాదు.

మరుసటి ఎండాకాలం చేతి పంపు సగం పూటే పనిచేసింది. మొక్కలకు పోయడానికి వారానికి మూడు రోజులు ట్యాంకరు వచ్చేది. ఆడవాళ్లు దాని వెంట బిందెలు పట్టుకుని పరుగెత్తేవాళ్లు. డ్రైవరు పట్టుకోనిచ్చినన్ని పట్టుకునేవాళ్లు.

"మొక్కలకు వొయ్యుమని హుకుం ఉన్నదట, మాకు వొయ్యుమని లేదట" అంది బుచ్చమ్మ. అప్పటికే ఆమె రెండు బర్రెలను అమ్మేసింది. "నన్ను గూడ గా గుంతల నాటు సారూ, గప్పుడన్న జర నీళ్లొస్తయ్."

ఈసారి గింజలు వద్దనుకున్నాను. "అక్కా, వారం రోజులు ఏ ఇంటికి ఎన్ని బిందెలొచ్చినయో గోడకు బొగ్గుతో గీతలు గియ్యుండ్రి. గీత అంటే బిందె. నిండ బిందె. ఇంకేం కాదు. మీ లెక్కల గీతంటే వేరే ఏమన్న ఉన్నదా?"

"గీతంటే గీతనే. ఏముంటది?" అని, నా మొహం చూసి, "ఇగ గంత పరేషాన్ గాకు సారూ" అంది.

వారం తర్వాత ముప్పై ఎనిమిది గోడలూ చూశాను. సగటున రోజుకు నూట యాభై రెండు బిందెలు. బిందెకు పదిహేను లీటర్లు, నేనే కొలిచాను. మొత్తం రెండు వేల రెండు వందల ఎనభై లీటర్లు. నూట తొంభై మందికి పంచితే మనిషికి పన్నెండు. సర్కారు లెక్క ప్రకారం అందాల్సింది నలభై. ఒక్క కాగితంలో ఇంతే రాసి బుచ్చమ్మకు ఇచ్చాను. చదివి వినిపిస్తే ఆమె అడిగింది, "ఇందుల బర్లేవి?"

"సర్కారు లెక్కల మనుషులే ఉంటరక్కా."

"మరి పాలు తాగేటప్పుడు యాదికుండవా?"

ఆ మే నెలలోనే కమిటీ సభ్యుడొకాయన మొక్కలు చూడడానికి వచ్చాడు. నేను రిజిస్టరు పట్టుకుని వెనక నిలబడ్డాను. ఎండిన మొక్కలు చూసి ఆయనకు కోపం వచ్చింది.

"చెట్లే మొదట కావాలని మీరే కదమ్మా చెప్పారు? మరి కాపాడుకోరా?"

"మేం గట్ల చెప్పలేదు సారూ" అంది బుచ్చమ్మ. "చెట్లు మస్తు వచ్చినయి, ఇగ చాలని చెప్పినం."

ఆయన రిజిస్టరు వైపు, తర్వాత నా వైపు చూశాడు. "ఏమయ్యా, ఇందులో 131 అని ఉంది. తప్పు లెక్కపెట్టావా?"

అవునంటే నా ఉద్యోగం పోతుంది. కాదంటే వాళ్ల నీళ్లు పోతాయి. నిజమేమిటంటే రెండూ కాదు. "లెక్క సరిగ్గానే ఉంది సార్" అన్నాను. "వాళ్లు పెట్టింది కూడా సరిగ్గానే ఉంది. నేను అర్థం చేసుకున్నదే తలకిందులు. వాళ్ల పద్ధతిలో గింజ లేని గడే మొదటిది. మీ సభ ముందున్న కాగితంలో ఆ ఊరి సంగతి ఆఖరు నుంచి చదవాలి."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. మల్లయ్య ముందుకొచ్చి నేల మీద గడులు గీసి, గులకరాళ్లు పెట్టి మొదటి నుంచి చెప్పాడు. రెండోసారి చెప్పాక సభ్యుడు బుచ్చమ్మ చేతిలోని కాగితం తీసుకున్నాడు. "పన్నెండు లీటర్లా? రోజుకా?" అని రెండుసార్లు అడిగాడు. ఆ అంకె గురించి ఎవరూ ఏమీ వివరించాల్సిన అవసరం రాలేదు.

ఉద్యోగం పోలేదు. ఊరికి తాగునీటి బోరు వేయిస్తామన్నారు గానీ, అది వెంటనే రాలేదు. మంజూరు, టెండరు, మోటారు, కరెంటు కనెక్షను, అన్నీ అయ్యేసరికి 2003 జూలై. మొదట్లో రాసినవన్నీ ఈలోపే పోయాయి. ఐదు వేల లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు ఒకటి ఎత్తు మీద పెట్టి, రోజుకొకసారి నింపేలా ఏర్పాటు చేశారు. మొదటి రోజు బుచ్చమ్మ ట్యాంకు కింద బిందె పెట్టి, "గీ నీళ్లు సల్లగున్నయి సారూ, తాగు" అని చెంబు నాకిచ్చింది. తాగాను. ఆమె దగ్గర అప్పటికి ఒకటే బర్రె మిగిలింది.

ఈ ఉదంతం తర్వాత నేను పని చేసే తీరు కొంచెం మారింది. ఏ ఊరికెళ్లినా ముందు ఒక గింజ చేతిలో పెట్టి, ఇది ఇక్కడ పెడితే మీ దగ్గర ఏమని అర్థం అని వాళ్లనే చెప్పమంటాను. టాలీ షీటు వెనకవైపు జనం అన్న మాటలు రాసుకుంటాను. ఆఫీసులో ఎవరూ చదవరు, అయినా రాస్తాను. "అక్కరుండబట్టే ఖాళీగ ఇడిసినం" అని బుచ్చమ్మ అన్న రోజున అది రాసుకుని ఉంటే ఏమయ్యేదో తెలియదు. నాకే అర్థం కాని మాట, వెనకవైపు రాసినంత మాత్రాన ఇంకెవరికైనా అర్థమయ్యేదా అన్నదీ తెలియదు. సరిగ్గా కూడిన లెక్క అబద్ధం ఎలా అయిందో ఇప్పటికీ నాకు పూర్తిగా మింగుడుపడలేదు.

2009 ఎండాకాలంలో వేరే పని మీద అటు వెళ్లి, ఆ పల్లెలో ఆగి మళ్లీ లెక్క చూశాను. మనుషులు నూట ఎనభై మంది. మనిషికి నలభై లీటర్ల చొప్పున ఏడు వేల రెండు వందలు అందాలి. ట్యాంకు అదే, నిండేది రోజుకొకసారే, ఐదు వేలు. ఆ పల్లెకు ఇప్పటికీ బాకీ ఉన్నది రోజుకు రెండు వేల రెండు వందల లీటర్లు.